లోత్స్‌మన్ అడిగిన వాక్యం

2004 వానాకాలంలో, సూరత్ పక్కన హజీరాలో ఉన్న ఒక భారీ పరిశ్రమలో రష్యన్ టెక్నికల్ ట్రాన్స్‌లేటర్‌గా చేరాను. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక డిజైన్ కార్యాలయంలో అదే పని చేసేదాన్ని. మా వారికి బ్యాంకులో సూరత్ బదిలీ రావడంతో నేనూ ఇక్కడ ఉద్యోగం వెతుక్కున్నాను. అడాజన్‌లో రెండో అంతస్తులో ఇల్లు తీసుకున్నాం. పొద్దున కంపెనీ బస్సు ఎక్కితే హజీరా చేరేదాకా కిటికీలోంచి కనిపించేది సగం పొగమంచు, సగం పొగగొట్టాలు. ఆ రెండూ ఎక్కడ కలుస్తున్నాయో చాలా రోజులు నాకు తెలిసేది కాదు.

మా కర్మాగారంలో చమురు శుద్ధి కర్మాగారాలకు కావలసిన రియాక్టర్లు, అంటే ఇల్లంత ఉక్కు పాత్రలు తయారయ్యేవి. కొనేవాళ్ళలో రష్యన్ కంపెనీలూ ఉండేవి. ప్రతి పాత్రతోపాటూ దాని 'పాస్‌పోర్టు' వెళ్ళాలి. మనుషుల పాస్‌పోర్టు లాంటిదే. పాత్ర ఏ ఉక్కుతో పుట్టింది, ఏ అతుకు ఎవరు వేశారు, ఎంత ఒత్తిడికి నిలిచింది అన్నీ అందులో రష్యన్‌లో ఉండాలి. ఆ పత్రాలు రాయడం, వాళ్ళ ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు పక్కన నిలబడి మాట అందించడం నా ఉద్యోగం. అనువాదకురాలు సొంతంగా ఒక్క మాట చేర్చకూడదు, ఒక్క మాట తీయకూడదు. చేరిన మొదటి వారంలోనే మా చీఫ్ ప్రసాదరావు గారు ఈ నియమం చెప్పారు.

ఒకసారి డ్రాయింగులో 'అబిచాయ్క' అనే మాట దగ్గర ఆగిపోయాను. నిఘంటువులో జల్లెడకు చుట్టూ ఉండే చెక్క చట్రం అని ఉంది. ఉక్కు పాత్రలో జల్లెడ ఏమిటి? ఇంటర్నెట్‌లో వెతికితే రష్యన్ భాషలో ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఒక ఉమ్మడి విజ్ఞాన సర్వస్వం తెరుచుకుంది. అడుగూ మూతా లేని గుండ్రటి చుట్టునే అలా అంటారట. జల్లెడకైనా, డప్పుకైనా, ఉక్కు పాత్రకైనా మాట ఒకటే. షాపు అంతస్తులో క్రేను కింద వేలాడుతున్న ఉక్కు చుట్టును ఆ రోజు కొత్తగా చూశాను. ఎవరో పెద్దావిడ దానిలో పిండి జల్లించబోతున్నట్టు అనిపించింది.

అప్పటినుంచి ఆ సర్వస్వం నాకు అలవాటయింది. నేను రష్యా వెళ్ళలేదు. మంచు చూడలేదు. ఆ భాషలో నాకు తెలిసిన ఊళ్ళన్నీ పేజీల మీదివే. కంపెనీ బస్సులో కూర్చుని, అచ్చు తీసుకున్న కాగితాల్లో ఎక్కడో గడ్డకట్టిన నది గురించి చదువుతుంటే బయట ఉప్పుగాలి, చేతిలో మంచు. దిగేటప్పటికి నేనెక్కడున్నానో గుర్తుచేసుకోవడానికి ఒక్క క్షణం పట్టేది.

సూరత్ గురించి అందులో నాలుగే వాక్యాలుండేవి. నేను నా పేరుతోనే ఖాతా తెరిచి తాపీ నది గురించి, వజ్రాలు సానపట్టే వీధుల గురించి, ఉధ్నాలో మరమగ్గాల గురించి ఒక పేజీ నిండా రాశాను. మర్నాటికి అది లేదు. చర్చాపేజీలో 'లోత్స్‌మన్' అనే పేరుతో ఒకాయన మర్యాదగా రాశారు. మీరు ఆ ఊళ్ళో ఉంటున్నారని నమ్ముతున్నాను, కాని పాఠకుడు మిమ్మల్ని చూడలేడు, ఎక్కడ అచ్చయిందో చూపండి అని. లోత్స్‌మన్ అంటే ఓడను లోతు చూసి దారి తప్పకుండా నడిపించే సరంగు. ఆయన నిజంగానే సైబీరియాలో ఒక నదీరేవులో ఆ పని చేసి విరమించారు. ఆ ఊరి పేరు ఇక్కడ చెప్పను.

పుస్తకాలు తెచ్చి, ఆధారాలు చూపి మళ్ళీ రాశాను. ఈసారి ఆయనే పరిశీలన ముద్ర వేశారు. అనుభవమున్న సభ్యుడు చూసి, ఇందులో అల్లరి రాత లేదని వేసే గుర్తు అది. ఆ ముద్ర కోసం ఎదురుచూసే వ్యాసాల వరుస ఎప్పటికీ తరగదు. రాసేవాళ్ళు చాలామంది, చూసేవాళ్ళు కొద్దిమంది. కొన్నేళ్ళకు నాకూ ఆ ముద్ర వేసే హక్కు ఇచ్చారు. వ్యాసాల సంఖ్య ఏడంకెలకు చేరిన రోజు అందరూ ఒకరినొకరు అభినందించుకుంటుంటే లోత్స్‌మన్ మాత్రం, వీటిలో చాలా వాటిని యంత్రాలు రాశాయి, మనుషులు లోపలికి వెళ్ళి దీపం పెట్టని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి అని రాశారు.

మేమిద్దరం నదుల వ్యాసాలు పంచుకున్నాం. తాపీ వ్యాసంలో నా విభక్తులు ఆయన దిద్దేవారు. రష్యన్‌లో విభక్తి తప్పితే పడవ తిరగబడినట్టే అనేవారు. మీ నదికి గడ్డకట్టే కాలం లేదా అని ఒకసారి అడిగారు. లేదన్నాను. మరి అది ఎప్పుడు విశ్రాంతి తీసుకుంటుంది అన్నారు. ఈ ప్రశ్న చాలాకాలం నాతో బస్సులో ప్రయాణం చేసింది. పదేళ్ళకు పైగా రాసుకున్నా ఆయన ముఖం నేను చూడలేదు. ఆర్కాదీ పెత్రోవిచ్ అనే పేరు కూడా చాలా ఆలస్యంగా చెప్పారు.

తర్వాత, 2022లో, రష్యాకు పక్కదేశంతో యుద్ధం వచ్చింది. ఆ సర్వస్వంలో రాసేవాళ్ళలో కొందరు దేశం విడిచారు, కొందరు పేరు మార్చుకున్నారు, కొందరు ఏమీ చెప్పకుండా ఆగిపోయారు. ఉన్న వ్యాసాలను కాపీ చేసుకుని వేరు కుంపటి పెట్టినవాళ్ళూ ఉన్నారు. చర్చాపేజీల్లో ఇన్నాళ్ళూ ఒక కామా కోసం వాదించుకున్నవాళ్ళు ఇప్పుడు ఒకరి మాటను ఒకరు నమ్మడం మానేశారు. నాకు ఆ పేజీలు వరద తీసిన వీధుల్లా కనిపించేవి. ఇళ్ళన్నీ ఉన్నాయి, తలుపులూ ఉన్నాయి, మనుషులు ఎటు వెళ్ళారో తెలియదు.

వరద అంటే నాకు తెలుసు. మేం సూరత్ వచ్చిన రెండేళ్ళకు, 2006లో, తాపీ ఊళ్ళోకి వచ్చింది. మా కింది అంతస్తు మునిగిపోయింది. పాల ప్యాకెట్లు పడవలో వచ్చాయి. వరండాలో నిలబడితే స్కూటర్లు తిరిగిన వీధి నీళ్ళ మీద ఆకాశం నిశ్శబ్దంగా కదిలిపోతూ ఉండేది. ఎగువ ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలిన తీరు గురించి అధికారుల మాట ఒకటి, ఊరివాళ్ళ మాట ఒకటి. సర్వస్వంలో రెండూ రాశాను, రెండింటికీ ఆధారం చూపాను. అప్పుడు ముద్ర వేసింది లోత్స్‌మనే.

నా పదవీ విరమణకు ఇంకా ఏడాది లోపే ఉందనగా ఆయన దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చర్చాపేజీలో కాదు, నేరుగా నా మెయిలుకు. అంతకుముందు వసంతంలో, మంచు కరిగేటప్పుడు, వాళ్ళ ఊళ్ళో కరకట్ట తెగింది. దిగువ వీధులు మునిగాయి. దాని గురించి సర్వస్వంలో ఉన్నది మూడు వాక్యాలు, నది పొంగింది, సహాయం అందింది అని. కరకట్టకు ఏళ్ళ తరబడి మరమ్మతు జరగలేదని స్థానిక పత్రిక రాసింది. ఆ పత్రిక తర్వాత మూతపడింది, దాని వెబ్‌సైటు మాయమైంది. ఆయన దగ్గర పాత సంచికలు ఉన్నాయి. కాని లోత్స్‌మన్ అంటే ఎవరో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన కూతురు పురపాలక కార్యాలయంలో పనిచేస్తోంది. నేను రాసి పంపుతాను, మీ పేరుతో పెట్టండి, సూరత్‌లో మీ తలుపు ఎవరూ తట్టరు అని రాశారు.

ఇలాంటి సందర్భానికి ఆ సర్వస్వంలో నియమం ఉంది. ఇంకొకరి తరఫున రాయకూడదు. రాస్తే ప్రతి ఆధారాన్నీ స్వయంగా చదివి, అది తన రాతే అని పూచీ పడి రాయాలి. సరేనన్నాను, పత్రికలన్నీ పంపమన్నాను. ఆయన పేజీల ఫోటోలు తీసి, తను రాసినదానితో కలిపి పంపారు. వాటితోపాటు వరద ఫోటోలూ వచ్చాయి. చెక్క ఇళ్ళు కిటికీల దాకా నీళ్ళలో ఉన్నాయి. ఒక ఇంటి కప్పు మీద కుక్క, పక్కన టీ నీళ్ళు కాచుకునే సమోవార్, తడిసిపోయి.

మా ఇంట్లో వంట చేసే పద్మ సూరత్‌లోనే బమ్రోలి నుంచి వచ్చేది. సొంతూరు కరీంనగర్ వైపు. భర్త పాండెసరాలో అద్దకం మిల్లులో పని. ఆ సాయంత్రం టీ పెట్టి తెచ్చి నా వెనక నిలబడి ఫోటోలు చూసింది.

"ఏంది మేడమ్, గిది మన సూరతా?"

"కాదు పద్మా, రష్యా."

"నీళ్ళు మాత్రం గట్లనే ఉన్నయి," అంది. కాసేపు చూసి, "వీళ్ళకు ముందుగాల ఎవరన్న చెప్పిన్రా, నీళ్ళొస్తున్నయని?" అని అడిగింది.

లోత్స్‌మన్ రాసి పంపినదాంట్లో ఆఖరి వాక్యం అదే. 'జనానికి ముందస్తు హెచ్చరిక చేయలేదు.' దానికి మాత్రం ఏ పత్రికలోనూ ఆధారం లేదు.

"చెప్పలేదంటున్నారు. మీకు చెప్పారా అప్పుడు?"

"మేం అప్పుడు నది ఒడ్డు ఝోంపడి గుడిసెల ఉంటిమి గదా. జీపు తిరిగింది మేడమ్. మైకుల చెప్పుకుంట పోయిన్రు, గుజరాతీల. మా అత్తకు గుజరాతీ ఒక్క ముక్క రాదు. ఏదో చీరల సేల్ పెట్టిన్రనుకున్నది." పద్మ నవ్వబోయి ఆగింది. "నీళ్ళు గడప దాటినంక ఎరకయింది. మా మేకపిల్ల పోయింది. ఇప్పటికి గూడ మా అత్త, మాకెవ్వరు చెప్పలే అనే అంటది. ఆమె అబద్ధమైతే చెప్తలేదు మేడమ్."

ఆమె వంటింట్లోకి వెళ్ళాక చాలాసేపు ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాను. పత్రికల ఫోటోల్లో సైబీరియా నది, కిటికీ అవతల అడాజన్ సాయంత్రం. రెండిటి మీదా ఒకే బూడిదరంగు వెలుతురు. జీపు తిరిగిందా లేదా అన్నది ఒక సంగతి, మాట చేరిందా లేదా అన్నది ఇంకో సంగతి. ఆ రెండూ ఒక వాక్యంలో ఇమడవు.

కరకట్ట గురించిన రెండు పేరాలు నా మాటల్లో మళ్ళీ రాశాను. ఆఖరి వాక్యం వదిలేశాను. లోత్స్‌మన్‌కు కారణం రాశాను. మీ అనుభవాన్ని అనుమానించడం లేదు, అచ్చులో ఏదైనా దొరికితే వెంటనే చేరుస్తాను అని. ఆయన జవాబు ఆ మర్నాడు వచ్చింది. 'మీరు అనువాదకురాలు కదా. అనువదించండి.' ఈ రెండే వాక్యాలు. ఇక్కడ నా పేరుతో రాస్తున్నాను కాబట్టి నేను అనువాదకురాలిని కాదు అని జవాబిచ్చాను. ఆ తర్వాత ఆయన నుంచి ఏమీ రాలేదు. ఇన్నేళ్ళలో నా విభక్తులు దిద్దడం కూడా మొదటిసారి ఆగిపోయింది.

నా రెండు పేరాలను పెట్టిన రోజే ఎవరో తీసేశారు. నేను తిరిగి పెట్టాను. మళ్ళీ తీశారు. ఇలా సాగితే వ్యాసానికి తాళం వేస్తారు, అంటే కొన్నాళ్ళు ఎవరూ దిద్దలేరు. నా పేరాలు ఉండగానే వేశారు. అప్పుడు వ్యవహారం 'పస్రేద్నిక్' దగ్గరికి వెళుతుంది. ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి అని అర్థం. అతను జీతగాడు కాదు, మాలాంటి సభ్యుడే. మూతపడిన పత్రిక ఆధారమవుతుందా, సూరత్‌లో ఉన్న మనిషికి ఆ పత్రిక ఎలా దొరికింది, ఎవరు పంపారు అని ఎదుటివాళ్ళు అడిగారు. పత్రిక పేరు, సంచిక, పేజీ ఇచ్చాను. ఎవరు పంపారన్నది చెప్పనన్నాను. ఏ గ్రంథాలయంలోనైనా చూసుకోవచ్చన్నాను. నిజంగానే వాళ్ళ రాష్ట్ర గ్రంథాలయంలో ఆ పత్రిక ఉంది. ఎవరో ఒక విద్యార్థిని వెళ్ళి చూసి, పేజీలు సరిగానే ఉన్నాయని రాసింది. ఆమె ఎవరో నాకిప్పటికీ తెలియదు.

ఈలోగా ప్రసాదరావు గారు గదిలోకి పిలిచారు.

"వసుంధర గారూ, కూర్చోండి. మీరేదో రష్యా వాళ్ళ వరదల గురించి ఇంటర్నెట్‌లో రాస్తున్నారటండీ. క్లయింటు వైపునుంచి ఒకాయన అడిగాడు, ఆమె, ఈమె ఒకరేనా అని."

"నేనేనండీ."

"మానేయమని అనట్లేదు. వచ్చే నెల హైడ్రో టెస్టుకు వాళ్ళ ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు. రిటైరయ్యాక మిమ్మల్ని రెండేళ్ళు కన్సల్టెంటుగా ఉంచుకుందామని నేను పైకి రాశాను. దానికీ క్లయింటు ఆమోదం కావాలి. ఆ పేరొకటి తీసేసి రాసుకోవచ్చు కదా?"

"పేరు తీసేస్తే ఆ రాతకు పూచీ ఎవరిదండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ళుగా వెల్డింగు అతుకుల కింద సంతకాలు పెట్టిన మనిషి. "అదీ నిజమేలెండి," అన్నారు. "ఆఫీసు కంప్యూటర్ మీద మాత్రం వద్దు."

ఆఫీసు కంప్యూటర్ మీద నేనెప్పుడూ రాయలేదు. అదే చెప్పి బయటికి వచ్చాను.

హైడ్రో టెస్టు అంటే పాత్ర నిండా నీళ్ళు పోసి, పని ఒత్తిడికన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి, ఎక్కడైనా చెమ్మ వస్తుందేమో చూడటం. ఒత్తిడి ఎక్కాక కాసేపు ఎవరూ కదలరు. అంతపెద్ద షాపులో అప్పుడుండే నిశ్శబ్దం నాకు చాలా ఇష్టం. అందరూ నీటి మాట వింటున్నట్టు ఉంటుంది. ఆ ఏడు వచ్చిన ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి, పొడి మాటలవాడు. ప్రెషర్ గేజీ మీదనుంచి కళ్ళు తిప్పకుండా, నాకు మాత్రమే వినబడేలా రష్యన్‌లో అన్నాడు. "మీ వరద వ్యాసం చదివాను." నేను గేజీ అంకెను నా కాగితంలో రాసుకున్నాను. "కరకట్ట పేరాలో ఒకచోట విభక్తి తప్పింది. రెండో వాక్యం."

అంతే. పాత్ర నిలిచింది. పాస్‌పోర్టు మీద సంతకం చేసి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి చూస్తే తప్పు ఉన్నమాట నిజమే. అంతకుముందైతే లోత్స్‌మన్ దిద్ది ఉండేవారు. తాళం ఇంకా తీయలేదు కాబట్టి దిద్దుబాటును చర్చాపేజీలో రాసిపెట్టాను.

కొన్ని వారాలకు మధ్యవర్తి తీర్పు వచ్చింది. కరకట్ట పేరాలు ఉంటాయి, అధికారుల వివరణ కూడా పక్కన ఉండాలి. న్యాయమే అనిపించింది. తాళం తీశాక ఆ వివరణా, విభక్తి దిద్దుబాటూ చేర్చి, చర్చాపేజీలో ఒక ప్రశ్న వేరుగా పెట్టాను. 'ముందస్తు హెచ్చరిక జరిగిందా? ఏయే వీధులకు చేరింది? అచ్చులో ఆధారం కావాలి.' దాని కింద చాలాకాలం ఖాళీయే ఉంది.

నేను పదవీ విరమణ చేశాను. కన్సల్టెంటు ఉద్యోగం రాలేదు. ఈ వ్యవహారమే కారణమా అంటే నా దగ్గర ఆధారం లేదు కాబట్టి ఆ మాట అనను. మా వారు కూడా విరమించారు. మేం అడాజన్‌లోనే ఉండిపోయాం. సాయంత్రాలు నది పక్కన నడుస్తుంటే నీళ్ళ మీద ఎండ వాలి, అవతలి ఒడ్డు కరిగిపోయినట్టుంటుంది. అటువైపు చెక్క ఇళ్ళ ఊరొకటి ఉందని, అక్కడ ఒక ముసలి సరంగు నాతో మాట్లాడటం మానేశాడని ఎవరికీ చెప్పేదాన్ని కాదు. కోపమో, భయమో, అనారోగ్యమో తెలియదు. అడగడానికి మెయిలు తెరిచి మూసేసేదాన్ని. నేను రాస్తే ఆయనకు ఏమైనా ఇబ్బంది అవుతుందేమో.

ఆ ఖాళీ నిండటానికి ఏడాదిపైనే పట్టింది. ఖాతా లేని ఎవరో నా ప్రశ్న కింద ఒక వార్త చిరునామా పెట్టారు. నష్టపరిహారం కోసం దిగువ వీధులవాళ్ళు వేసిన దావాలో తీర్పు వచ్చింది, అక్కడి వేరే పత్రికలో అచ్చయింది. మైకు బండి బయలుదేరిన మాట నిజం. ఎగువ వీధులన్నీ తిరిగింది. దిగువకు వెళ్ళే దారిలో కల్వర్టు అప్పటికే కొట్టుకుపోవడంతో వెనక్కి తిరిగింది. నదివైపు వీధులకు హెచ్చరిక చేరలేదు.

వార్తను మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. వ్యాసంలో ఆ సంగతి ఉన్నదున్నట్టు, ఎగువ వీధుల సంగతీ దిగువ వీధుల సంగతీ రెండూ రాశాను. ముద్ర ఇంకొకరు వేయాలని అలాగే వదిలేశాను. సొంత రాతను ఇంకో కన్ను చూడటం మంచిది.

మూడో రోజు ముద్ర పడింది. వేసినవారి పేరు చూస్తే లోత్స్‌మన్. తీర్పు అచ్చులో ఉంది కనుక ఆయనకు ఇక దాని గురించి మాట్లాడటానికి అడ్డు లేదు. చర్చాపేజీలో నా ప్రశ్న కింద ఆయన ఒక్క వాక్యం రాశారు. 'మా ఇల్లు నదివైపు చివరి వీధిలో.' ఎప్పటిలా నన్ను 'గౌరవనీయులైన వసుంధర గారికి' అని సంబోధించారు. మర్నాడు మా మధ్య ఆగిపోయిన పని, తాపీ ఉపనదుల పట్టిక, ఆయనే మళ్ళీ మొదలుపెట్టారు. జరిగినదాని గురించి ఇద్దరం ఇంకేమీ రాసుకోలేదు.

ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఉన్న మాటను ఉన్నట్టు దాటించడం. అక్కడ వాక్యాన్ని ఆపే పని నాకు ఎప్పుడూ పడలేదు. ఆ సర్వస్వంలో పడింది. ఆధారం లేని వాక్యాన్ని ఆపడం సరైనదే, ఇప్పుడైనా ఆపుతాను. అయితే ఆపినవాళ్ళు అంతటితో చేతులు దులుపుకోకూడదు. ఏమి తెలియాల్సి ఉందో అందరికీ కనబడేచోట రాసిపెట్టి, జవాబు వచ్చేదాకా అప్పుడప్పుడూ వెళ్ళి చూస్తుండాలి. కొత్తగా ముద్ర హక్కు వచ్చినవాళ్ళు పద్ధతి అడిగితే నేను చెప్పేది ఇంతే.